కంత పక్కన ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. పది అడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. ఒకవైపు వట్టి తెలుపు, ఇంకోవైపు పదిహేను మొహాలు. నాలాంటివాళ్లను మీరు రోజూ చూస్తారు కానీ చదవరు. బండి మీద పోతూ, ఎవరో పోయారు కాబోలు అనుకుని ముందుకు సాగిపోతారు. ఆ క్షణంలో నా వెనక ఎవరు నిలబడి ఉన్నారో మీకు కనపడదు. నేను చెప్పబోయేది అదే.

పుట్టినప్పుడు నాకు మొహం లేదు. ఏదో ఊళ్లో, ఏదో ఫ్యాక్టరీలో తెల్లటి చుట్టగా తయారై, లారీలో వచ్చి, అడితి సెంటర్‌లోని ప్రింటింగ్ షాపులో గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకంటే ముందు తెగిన ముక్క ఓణీల ఫంక్షన్‌కి వెళ్లింది. నా తర్వాత తెగింది చీరల ఎగ్జిబిషన్‌కి. నా వంతుకి చావు వచ్చింది.

అడితి సెంటర్‌లో ఇప్పుడు కట్టెల అడితి లేదు. అక్కడ ఒక ఫ్లైఓవర్ దిగుతుంది. పైనుంచి దిగే బండ్లన్నీ, లోపల దాచుకున్న వేగమంతా అక్కడే ఖర్చు పెట్టాలన్నట్టు వస్తాయి. రోడ్డుకి ఇవతల దుకాణాలు, మున్సిపల్ స్కూలు. అవతల కాల్వగట్టు పేట. ఇళ్లు అటు, పనులు ఇటు. మనుషులు దాటక తప్పదు.

రెండేళ్ల కిందట ఎవరో లెక్కలు తీసి, ఈ రోడ్డు మీద నడిచేవాళ్లు ఎక్కువమంది దెబ్బలు తింటున్నారని తేల్చి, వాళ్ల భద్రత కోసం మధ్యలో నడుమెత్తు ఇనుప గ్రిల్లు పెట్టించారు. అర కిలోమీటరు పొడవునా ఎక్కడా సందు లేదు. దాటాలంటే చివరి సిగ్నల్ దాకా నడిచి, మళ్లీ అంత దూరం వెనక్కి నడవాలి. గ్రిల్లు పెట్టినవాళ్లు కార్లో వచ్చి కార్లో వెళ్లారు కనుక, కరివేపాకు కోసం ఒక మనిషి కిలోమీటరు నడుస్తుందని నిజంగానే నమ్మి ఉంటారు. మూడో వారానికి రెండు ఊచలు మాయమయ్యాయి. కోసినవాళ్లెవరో ఎవరికీ తెలియదు. దూరనివాళ్లు మాత్రం ఎవరూ లేరు. దాన్ని కంత అన్నారు. కొన్నాళ్లకి ఆటోవాళ్లు కూడా "కంత కాడ దిగాల్సినోళ్లున్నారా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ కంతలోంచే బాలకోటయ్య రోజూ వచ్చేవాడు. నలభై ఆరేళ్లు. దుకాణాల వైపు, కంతకి సరిగ్గా ఎదురుగా ఆయన ఇస్త్రీ బండి. రాత్రి ఇంటి దగ్గర చేసిన బట్టల మూట ఎడమ భుజాన వేసుకుని ఉదయం ఏడింటికి దాటేవాడు. కంత దాటాక బండ్లు వచ్చేది ఎడమవైపు నుంచే. ఒకరోజు ఆయన మూట తలకి ఆనుకుని ఉండగా ఒక వ్యాను వచ్చింది. మూటలోని ముప్ఫైనాలుగు బట్టలు రోడ్డు మీద పరుచుకున్నాయి. మూడో రోజున ఇద్దరు వచ్చి, తమ చొక్కాలు ఏమయ్యాయని ఆయన భార్య నాంచారమ్మను అడిగారట. అడగడంలో తప్పులేదు. ఆవిడ వెతికి ఇచ్చింది కూడా, ఉతికి, మడత పెట్టి.

నన్ను తయారు చేయించినవాడు జమ్ముల శేషు. అడితి సెంటర్ మిత్రబృందం అధ్యక్షుడు. పుట్టినరోజైనా చావైనా అతనికి ఒకే ఉత్సాహం.

"ఫొటో ఇదొక్కటేనా అన్నా?" అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న డిజైనర్.

"ఆధార్ కార్డుదే దొరికింది. కాస్త కళగా చెయ్యి."

"కోటు వెయ్యమంటావా?"

"వెయ్యి. పోయినాయనకి ఏం తక్కువ చెయ్యకూడదు."

అలా, జీవితమంతా పరాయి కోట్లు ఇస్త్రీ చేసినాయన నా మీద నల్ల కోటు తొడుక్కున్నాడు. పైన "కన్నీటి నివాళి" అని, కింద పెద్దకర్మ తేదీ. చుట్టూ పద్నాలుగుమంది శ్రేయోభిలాషులు, నల్ల కళ్లద్దాలతో శేషు అందరికంటే ముందు. బాలకోటయ్య మొహం కంటే అతని మొహం రెండంగుళాలు పెద్దది. కొలిచి చెబుతున్నాను.

మూడో రోజు నన్ను కంత పక్కన, ఆయన పడిన చోట కట్టారు. మొదట గ్రిల్లుకే ఆనించి కట్టబోతే శేషు ఒప్పుకోలేదు.

"అట్టా కడితే ఎవడికి కనపడతందిరా? కర్రలు పాతి అడ్డంగా తిప్పండి. ఫ్లైఓవర్ దిగే బండోడి మొహానికి కొట్టాలి."

తిప్పారు. రోడ్డు మధ్యలో మొక్కలు పెంచే మట్టి ఉంటుంది కదా, అందులో రెండు వెదురు కర్రలు నాటి, వచ్చే బండ్లకి ఎదురుగా నన్ను బిగించారు. నా కుడి అంచు కంత దాకా వచ్చింది. ఫ్లైఓవర్ దిగేవాళ్లకి బాలకోటయ్య కోటుతో సహా కనిపించాడు. కంతలో నిలబడి దుకాణాల వైపు అడుగు వేయబోయే మనిషి ఎవరికీ కనిపించడం మానేశాడు.

ఈ సంగతి నాకు మొదటి గంటలోనే తెలిసింది. నా ముందు వచ్చే బండి నాకు కనిపిస్తుంది. నా వెనక నిలబడ్డ మనిషి ఊపిరి నాకు తగులుతుంది. వాళ్లిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు, మధ్యలో నేనే ఉన్నాను కనుక. దాటేవాళ్లు నా అంచు పట్టుకుని, మెడ ముందుకు చాచి తొంగి చూసేవాళ్లు. మెడ బయటికి వచ్చేసరికి పాదం కూడా బయటికి వచ్చేది. అప్పుడు బ్రేకు కీచుమనేది, ఒక తిట్టు వినిపించేది. రోజుకి పది కీచులు, పదిహేను కీచులు. గాలి వీస్తే ఊగడం తప్ప నాకు ఇంకో భాష లేదు. ఊగాను. గాలికి ఊగుతోంది అనుకున్నారు.

పెద్దకర్మ అయిపోయింది. నా మీద తేదీ పాతబడింది. పన్నెండో రోజున పారిశుద్ధ్య పనివాడొకడు కొడవలితో వచ్చి తాళ్లు కోయబోయాడు. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. సరిగ్గా అప్పుడే దుకాణాల వైపు ఇస్త్రీ బండి దగ్గర్నుంచి నాంచారమ్మ చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చింది. భర్త పోయిన పదో రోజు నుంచే బండి ఆవిడ నడుపుతోంది.

"అయ్యా, అయ్యా, ఇంకో నెల ఉంచయ్యా! నాకున్న పెద్ద ఫొటో అదొక్కటే."

"ఆఫీసోళ్లు తీసెయ్యమన్నారమ్మా."

"నేను చెప్పానని చెప్పు. పోనీ, చూశానుగానీ కనపళ్లేదని చెప్పు."

అతను జాలిపడి వెళ్లిపోయాడు. మంచివాళ్లు చేసే పనులు చూసి నేను భయపడటం ఆరోజే నేర్చుకున్నాను.

ఆవిడ ప్రతి ఉదయం తడిగుడ్డతో నా మీది దుమ్ము తుడిచేది. బాలకోటయ్య మొహం వరకే. శేషు మొహం మీద దుమ్ము అలాగే ఉండేది. తుడుస్తూ, "ఎవరి కోటయ్యా ఇది? కాలర్ నలిగే ఉంది" అనేది ఆయనతో. నాకు నోరుంటే, అమ్మా, నన్ను ప్రేమగా చూడకు, చించెయ్యి అని అరిచేదాన్ని.

రెండో నెలలో భావనారాయణ మాస్టారు పడ్డారు. రిటైరైన లెక్కల మాస్టారు, జాగ్రత్త మనిషి. అంచు పట్టుకున్నారు, తొంగి చూశారు, స్కూటర్ తగిలింది. తుంటి ఎముక విరిగింది. ఆయన్ని ఆటోలో ఎక్కిస్తున్నప్పుడు గుంపులో ఎవరో అన్న మాట నన్ను ముంచింది.

"అకాల మరణం గదా. ఆయన ఇక్కణ్ణే తిరగతన్నాడు. తోడు కోసం చూస్తన్నాడు."

ఆ మాట సాయంత్రానికి పేటంతా తిరిగి వచ్చింది. కళ్ల ఎదుట అరవై చదరపు అడుగుల అడ్డం ఉండగా, మనుషులకు కనపడని కారణమే నచ్చింది. ఆ శుక్రవారం పసుపు, కుంకుమ, నిమ్మకాయలు వచ్చాయి. నా కర్రకి బూడిదగుమ్మడికాయ వేలాడదీశారు. కంత మీద కొబ్బరికాయలు కొట్టి ఆ నీళ్లు రోడ్డు మీద చల్లారు. వేపమండలు, కొబ్బరాకులు తెచ్చి నా అంచుకి దట్టంగా కట్టారు. ఆత్మని శాంతింపజేయాలని వచ్చి, దాటేవాళ్లకి మిగిలిన కాస్త సందునీ మూసి వెళ్లారు. ఇక నన్ను ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. మున్సిపాలిటీ మనిషి కూడా దూరం నుంచే దణ్ణం పెట్టుకుని పోతున్నాడు.

నాంచారమ్మకి బట్టలు రావడం తగ్గింది. ఒకావిడ తన చీరలు తిరిగి తీసుకుపోతూ నసిగింది.

"నువ్వేమీ అనుకోకమ్మా. ఆ పెట్టె ఆయన వాడిందేగా..."

నాంచారమ్మ పెట్టెలో బొగ్గులు ఎగదోస్తూ అంది. "చొక్కాకి మరక పడితే రెండు పూటలు అన్నం తినేవాడు కాదండీ నా మొగుడు. ఆయన మనుషుల్ని బండ్ల కింద తోస్తాడా?"

ఆవిడ తల ఊపింది. చీరలు మాత్రం తీసుకుపోయింది.

మూడో నెల చివర్లో తుఫాను గాలి వచ్చింది. నా ఎడమ కర్ర ఒరిగింది, కుడి తాడు తెగింది. గుమ్మడికాయతో, నిమ్మకాయలతో, పదిహేను మొహాలతో మట్టిలో బోర్లా పడ్డాను. నా జీవితంలో సుఖపడింది ఆ మూడు రోజులే. పడుకుని వింటూ ఉన్నాను. ఆటోలు వేగం తగ్గించి వెళ్తున్నాయి. ఆడవాళ్లు చెయ్యి ఎత్తి దాటుతున్నారు. మూడు రోజుల్లో ఒక్క కీచు లేదు.

వింటున్నది నేనొక్కదాన్నే కాదు. నాంచారమ్మ చేసే పని మనుషుల చొక్కాల్లో ముడతలు కనిపెట్టడం. ఆవిడ కంటికి ఏదీ ఊరికే పోదు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ ఆపి, పెట్టె పక్కన పెట్టి, నిలబడి నా వైపే చాలాసేపు చూసింది. సాయంత్రం మాస్టారి పంచెలు ఇవ్వడానికి వెళ్లి, మంచం మీదున్న ఆయన్ని అడిగిందట. మర్నాడు బండి దగ్గర ఒక పాత ఖాతాదారుతో చెబుతుంటే విన్నాను.

"మాస్టారేమన్నారో తెలుసా అండీ? నేను పడ్డప్పుడు దెయ్యమూ కనపళ్లేదు, స్కూటరూ కనపళ్లేదు నాంచారమ్మా అన్నారు. అడ్డం అదేనండీ. నేను తుడుచుకుంటా కూర్చున్న ఆ ఫొటోనే అడ్డం."

కానీ అప్పటికే శేషు మనుషులు నన్ను లేపి, ఈసారి లావుపాటి నైలాన్ తాడుతో బిగించేశారు. ఆవిడ దాటొచ్చి అడ్డుపడింది.

"దీన్ని దింపెయ్యి శేషూ. దీని వెనకున్నోళ్లు బండ్లకి కనపడట్లా."

"ఏంది వదినా నువ్వే ఇట్టా అంటే ఎట్టా? పూజ చేసి కట్టిందాన్ని మధ్యలో పీకకూడదు. అయినా నా ఫొటో కూడా ఉందిగా, పీకితే మర్యాదగా ఉండదు."

ఆవిడ ఆఫీసుకి వెళ్లింది. మాస్టారు మంచం మీదే పడుకుని అర్జీ రాసిచ్చారు. ఫ్లెక్సీ తీయించండి, దాటడానికి తెల్లగీతలు వేయించండి, ఫ్లైఓవర్ దిగేచోట స్పీడు బ్రేకరు వేయించండి. మూడే మూడు కోరికలు. తిరిగొచ్చి బండి దగ్గర కూలబడి, ఎవరూ అడగకుండానే, గాలితో చెప్పినట్టు చెప్పింది. "ఫ్లెక్సీ వాళ్ల సెక్షన్ కాదంట. గీతలు ఇంకో సెక్షనంట. కంత మాత్రం మూసేయిస్తారంట."

అప్పుడే ఆవిడ తన చేత్తో నన్ను కోసి పడేసి ఉంటే! ఎందుకు కోయలేదో నాకు తెలుసు. ఆ సోమవారం పొద్దున నా ముందు నిలబడి ఆయనకే చెప్పుకుంది.

"గురువారం నీ మూడో మాసికం. ఆరోజు దండ వేసి, దణ్ణం పెట్టుకుని, మర్యాదగా దింపుకుంటానయ్యా. అందాకా ఓర్చుకో."

మూడు రోజులే కదా అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను మాత్రం సోమవారమంతా కీచులు లెక్కపెట్టాను. పన్నెండు.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి కిరీటి వచ్చాడు. సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనిచేసేవాడు, ఇరవై ఒక్కేళ్లు. వాళ్లమ్మ బేబీ సరోజిని, మున్సిపల్ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆవిడ మర్చిపోయిన కళ్లజోడు ఇచ్చి షాపుకి పోదామని బయల్దేరాడు. తర్వాత అందరూ అతను ఫోన్ మాట్లాడుతూ దాటాడన్నారు. అబద్ధం. ఫోన్ జేబులో ఉంది. ఒక చేతిలో కళ్లజోడు, ఇంకో చేత్తో వేపమండలు పక్కకి తప్పించి నా అంచు పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి, అప్పుడే స్నానం చేసినట్టు. నా ముందు నీళ్ల ట్యాంకర్ దిగుతోంది. నేను దాన్ని చూస్తున్నాను. అతని వేళ్లు నా మీదే ఉన్నాయి. తర్వాత లేవు.

డ్రైవర్ దిగి, రోడ్డు మీదే కూలబడి, తల పట్టుకుని ఒకటే మాట అన్నాడు. "కనపళ్లేదు. పిల్లల మీద ఒట్టు, మనిషి కనపళ్లేదు." ఎవరూ వినిపించుకోలేదు. కొట్టారు. ఆ మాట విన్నది ఇద్దరమే. నేను, పరిగెత్తుకొచ్చి డ్రైవర్ మీద పడుతున్న చేతులకి అడ్డం నిలబడ్డ నాంచారమ్మ.

గురువారం ఆవిడ దండ తేలేదు. నా దగ్గరికి రాలేదు. ఇంట్లోంచే బయటికి రాలేదని తర్వాత తెలిసింది. బండి మూసే ఉంది. నేను నిలబడే ఉన్నాను.

తొమ్మిదో రోజు ఉదయం కిరీటి స్నేహితులు ఒక కొత్త ఫ్లెక్సీ మోసుకొచ్చారు. నాకంటే పెద్దది, పన్నెండడుగులు. కిరీటికి తెల్ల కోటు వేశారు. శేషు మొహం అందులోనూ ఉంది, అవే కళ్లద్దాలు. నా పక్కనే, కంతకి రెండో అంచున పాతడానికి గుంట తవ్వుతున్నారు. సరోజినిని ఇద్దరు పట్టుకుని నడిపించుకొచ్చారు. ఆవిడ నా ఎదుట ఆగి బాలకోటయ్య మొహం మీద గుప్పెడు మట్టి విసిరింది. అప్పుడే దాటి వస్తున్న నాంచారమ్మను చూసి గొంతు చించుకుంది.

"నీ మొగుడు పోయినోడు పోకుండా నా బిడ్డని లాక్కుపోయాడు గదే! ఇంకా ఎంతమంది కావాలంట ఆయనకి?"

నాంచారమ్మ తల దించలేదు. "అక్కా, ఒక్కసారి నాతో రా. తర్వాత నువ్వు కొట్టినా పడతా."

"నీతో ఎక్కడికే?"

"ముప్ఫై అడుగులు. అంతే."

చెయ్యి పట్టుకుని ఫ్లైఓవర్ వైపు నడిపించుకెళ్లి, రోడ్డు పక్కన నిలబెట్టింది. "నువ్వు బండోడివనుకో. నేను కంతలో నిలబడతా. కనపడంగానే చెయ్యెత్తు."

వెనక్కి వచ్చి, నా వెనక, కిరీటి నిలబడ్డ చోటే నిలబడింది. ఆవిడ ఊపిరి నాకు తగిలింది. ముందు సరోజిని కళ్లు నా మీద ఉన్నాయి, మొహం తర్వాత మొహం వెతుకుతూ. చెయ్యి లేవలేదు.

"కనపడతన్నానా అక్కా?"

సరోజిని కళ్లు చిట్లించింది.

"ముందుకొస్తన్నా అక్కా. చూడు."

నా అంచు పట్టుకుని ఒక అడుగు వేసింది. అప్పుడు లేచింది సరోజిని చెయ్యి, ఒక కేకతో. "ఆగవే! బండొస్తంది!"

మోపెడ్ ఒకటి నాంచారమ్మ చీర కుచ్చిళ్లని రాసుకుంటూ పోయింది. ఆవిడ వెనక్కి తూలి గ్రిల్లు పట్టుకుంది.

సరోజిని నడిచి వచ్చింది, ఈసారి ఎవరూ పట్టుకోకుండానే. స్నేహితులతో, "ఆ గుంట పూడ్చండి" అంది.

శేషు ముందుకొచ్చాడు. "అమ్మా, అంతా రెడీ అయిపోయిందిప్పుడు. కుర్రాడికి ఆ మాత్రం గౌరవం..."

"నా కొడుకు మొహం మా ఇంటి గోడకి కట్టుకుంటా. ఇక్కడ కడితే నీ చేతులు ఇరుగుతాయి."

నాంచారమ్మ అప్పటికే రోడ్డు దాటి, బండి తెరిచింది. బొగ్గులు రాజేసి ఇస్త్రీ పెట్టెతో తిరిగొచ్చింది. నైలాన్ తాడు కత్తికి లొంగదు కానీ వేడికి లొంగుతుంది. పెట్టె మొన ముడి మీద ఆనించింది. ముడి నీరైపోయింది. రెండోది, మూడోది. నాలుగో ముడి దగ్గర చెయ్యి జారి, పెట్టె నా మీద పడింది. బాలకోటయ్య కోటు జేబు గోధుమ రంగుకి కాలి ముడుచుకుపోయింది. ఆ కోటుకి జరిగిన ఇస్త్రీ అదొక్కటే.

"వదినా! నా ఫొటో ఉంది దాంట్లో!"

"నీకేం కాలేదులే శేషూ. కాలింది ఆయనే."

నేను కింద పడ్డాను. సరోజిని అడిగింది, మెల్లగా.

"నీకు ఈ సంగతి ఎప్పుడు తెలిసిందే?"

"నీ కొడుకు పోయే నాలుగు రోజుల ముందు."

"మరి?"

"మాసికం నాడు దండేసి దింపుదామనుకున్నా అక్కా."

సరోజిని కొట్టలేదు. తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. కొట్టి ఉంటే బాగుండేదని నాంచారమ్మకి అనిపించి ఉంటుంది. నాకైతే అనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసు నుంచి వెల్డింగ్ మిషన్ వచ్చింది. కంతని రెండు కొత్త ఊచలతో మూశారు. ఫొటో తీసుకుని వెళ్లారు. మర్నాడు పొద్దున్నే కూరల సంచులతో ముసలివాళ్లు గ్రిల్లు ఎక్కి దూకుతున్నారు. చీర కొస ఇనుప మొనకి తగులుకుని ఒకావిడ బండ్లకి ఎదురుగా వేలాడింది. మూడో రోజుకి ఊచలు మళ్లీ మాయం. గీతలు లేవు, బ్రేకరు లేదు. నేను లేకపోవడం వల్ల మనుషులు కనపడుతున్నారు, అంతవరకే. కనపడినంత మాత్రాన బండ్లు ఆగాలని రూలేమీ లేదు. తుఫాను రోజుల్లో రోడ్డు తడిగా ఉండి నెమ్మదిగా వెళ్లారని అప్పుడు అర్థమైంది. అన్నిటికీ కారణం నేనేనని నమ్మిన నేను, నా తప్పు తీసేసినా చావు అక్కడే కాచుకుని ఉండటం చూసి బిక్కచచ్చిపోయాను.

బండి చక్రాల పక్కన చుట్టగా పడి ఉన్నాను. నాలుగు రోజులు సరోజిని అటు చూడకుండానే స్కూలుకి వెళ్లొచ్చింది. ఐదో రోజు సాయంత్రం నాంచారమ్మ నన్ను మడత పెట్టి ఇంటికి తీసుకుపోదామని విప్పింది. ఫుట్‌పాత్ నిండా దుకాణాల సామాను, పది అడుగుల నన్ను పరచడానికి చోటు లేదు. రోడ్డు మీదకి పరచింది. ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస జారుతోంది. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. అంతకుముందు రెండో కొస బాలకోటయ్య పట్టుకునేవాడు.

స్కూలు నుంచి వస్తున్న సరోజిని ఆగింది. చూసింది. వచ్చి రెండో కొస ఎత్తింది. మడతకి ముందు ఇద్దరూ లాగి పట్టుకున్నారు. నా తెల్లటి వీపు వచ్చే బండ్ల వైపుకి తిరిగింది.

ఒక ఆటో ఆగింది. దాని వెనక స్కూటర్, దాని వెనక కారు. ఎదురుగా ఇంత తెల్లటి గోడ ఏమిటో వాళ్లకి అర్థం కాలేదు. ఆ సందులో ఒక ముసలామె, చంకలో మనవరాలితో, తొందర లేకుండా దాటేసింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మడత పెట్టలేదు.

"పిల్లలు వస్తన్నారు. ఇంకాస్త పట్టుకో" అంది సరోజిని. నన్ను దింపిన రోజు తర్వాత ఆవిడ నాంచారమ్మతో అన్న మొదటి మాట అది.

అప్పటినుంచి బడి గంటకి ముందు ఉదయం, బడి విడిచాక సాయంత్రం నా పని ఇదే. కంతకి నాలుగడుగుల ముందు ఇద్దరూ నా కింది సగం చుట్టి, నన్ను రోడ్డుకి అడ్డంగా, నడుమెత్తున పట్టుకుంటారు, పిల్లల తలలు మాత్రం పైకి కనపడేలా. నా తెలుపు బండ్లకి, నా మొహాలు పిల్లలకి. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, "పర్మిషన్ ఉందామ్మా?" అన్నాడు. "ఈ కొస మీరు పట్టుకోండి సార్, నేను పోయి తెచ్చుకుంటా" అంది సరోజిని. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. శేషు కూడా వచ్చాడు.

"బొమ్మలున్న వైపు బండ్లకి తిప్పండి వదినా. నలుగురూ చూస్తారు."

"నీ మొహం చూసి ఎవడూ ఆగలేదు శేషూ, మూణ్ణెల్లు చూశాంగా. వట్టి తెలుపు చూసి ఆగతన్నారు."

ఇందులో గర్వపడటానికి ఏమీ లేదు. నేను ఎంత మందమో నాకు తెలుసు, గోరు అంచంత. నన్ను చీల్చుకుపోవడానికి సైకిల్ చాలు. ఆగినవాళ్లు ఆగుతున్నది నాకు భయపడి కాదు, నేనేమిటో తెలియక. ఇప్పుడు రెండు నెలలైంది. రోజూ ఈ దారినే పోయేవాళ్లకి నేనేమిటో తెలిసిపోతోంది. హారన్లు పెరిగాయి. మొన్న ఒకడు నన్ను రాసుకుంటూ పోయాడు, మూల చిరిగింది. మాస్టారి రెండో అర్జీకి, మూడో అర్జీకి జవాబు రాలేదు.

ఇప్పుడు సాయంత్రం నాలుగున్నర. పిల్లలు దాటుతున్నారు, ఒకరి బ్యాగు ఒకరు పట్టుకుని. నా వెనక వాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. సగంమంది కంత దాటారు. ఫ్లైఓవర్ మీద ఒక బస్సు కనిపించింది, కిక్కిరిసి, ఒక పక్కకి ఒరిగి. హారన్ కొడుతోంది. దిగింది. వేగం తగ్గించలేదు. డ్రైవర్ చెయ్యి ఊపుతున్నాడు, తప్పుకోండి, తప్పుకోండి అని.

"అక్కా" అంది నాంచారమ్మ.

"చూస్తన్నా" అంది సరోజిని. "ఇంకా ఐదుగురున్నారు."

నా ఎడమ కొసన ఇస్త్రీ వేడికి కాయలు కాసిన చెయ్యి. కుడి కొసన గిన్నెల నీళ్లకి నానిన చెయ్యి. రెండు కొసలూ బిగుసుకున్నాయి. నేను ఇంతవరకు ఎప్పుడూ లేనంత బిర్రుగా సాగాను. చిరిగిన మూల ఇంకో అంగుళం చిరిగింది. ఇంజను వేడి నా మీదకి వస్తోంది.

వెనక చెప్పుల చప్పుడు ఇంకా ఆగలేదు. ఇద్దరిలో ఎవరూ నన్ను వదల్లేదు.